న్యాయాధిపతి ఎవరికి సమాధానము చెప్పవలెను?

హైదరాబాదునుండి చిలుకూరు బాలాజీ దర్శనమునకు వచ్చు భక్తులకు మొయినాబాదు బాట క్రొత్తది కాదు. ఆ బాట మొయినాబాదు దాటి చేవెళ్ళ మీదుగా వికారాబాదు దిక్కునకు సాగిపోవును. దాని కిరువైపుల ఊడలు దించిన మర్రిచెట్లు గొడుగులు పట్టినట్లు నిలిచియుండును. నిజాము ప్రభువుల కాలమున నాటినవని పెద్దలు చెప్పుదురు. బాట ఇరుకు, బండ్లు మెండు. విస్తరింపవలెనని ఒక పక్షము, చెట్లను కూల్చరాదని మరియొక పక్షము. ఆ వివాదము జాతీయ హరిత న్యాయాధికరణము ఎదుట సంవత్సరముల తరబడి నడచినది. 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున చేవెళ్ళ చేరువనున్న మీర్జాగూడ వద్ద కంకర లారీయు ఆర్టీసీ బస్సును ఢీకొనగా 19 మంది ప్రాణములు కోల్పోయిరి.

నాటినుండి ఈ సీమలో రచ్చబండల వద్దను, బస్సులలోను, ప్రదక్షిణములు ముగించి ఆలయ ప్రాంగణమున కూర్చున్నవారి నడుమను ఒక ప్రశ్న వినవచ్చుచున్నది. ఇంజనీరు తప్పు చేసినచో పైయధికారి సంజాయిషీ అడుగును. డ్రైవరు తప్పు చేసినచో పోలీసులు కేసు పెట్టుదురు. మంత్రి తప్పు చేసినచో అయిదేండ్లకొకసారి జనులు అడుగుదురు. తీర్పు చెప్పువారిని అడుగువారెవరు? బాట విస్తరణలో జరిగిన ఆలస్యమునకు వ్యాజ్యె మొక్కటియే కారణమా, ఇతర కారణములును గలవా యను విచారణకు నేను పూనుకొనను. ఆ ప్రశ్న మాత్రము కోపములో పుట్టినదైనను త్రోసివేయదగినది కాదు.

ఇందులకు మన ధర్మశాస్త్రకారు లేమి చెప్పిరో చూతము. వారు మనకు దూరదేశస్థులు కారు. చేవెళ్ళకు పడమటి దిక్కున, బీదరు సీమలోనున్న బసవకల్యాణము ఒకప్పుడు చాళుక్యుల రాజధాని. 1076 నుండి 1126 వరకు రాజ్యమేలిన ఆరవ విక్రమాదిత్యుని కాలమున అచ్చట విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యానమును రచించెను. 13వ శతాబ్దమున కేతన దానిని తెనుగు పద్యములలోనికి తెచ్చెను. ఆంగ్లేయుల కాలమున హిందువుల వారసత్వపు తగవులు వచ్చినపుడు దేశములో అధికభాగమున న్యాయస్థానములు ఈ మితాక్షరనే ప్రమాణముగా గ్రహించినవి. అన్నదమ్ముల వాటాలను తేల్చుటకు న్యాయాధిపతులు తిరుగవేసిన ఆ గ్రంథములోనే న్యాయాధిపతులను గూర్చిన శాసనమును గలదు. ఆ పుటను వారి యెదుట తెరచి చూపుటకు ఏ వకీలునకు ధైర్యము చాలెనో తెలియదు!

యాజ్ఞవల్క్యుడు చెప్పిన దేమనగా, రాగముచేత గాని, లోభముచేత గాని, భయముచేత గాని స్మృతికి విరుద్ధముగా తీర్పు చెప్పిన సభ్యులను, ఆ వ్యాజ్యెములో ఓడినవానికి విధింపదగు దండనకు రెట్టింపు దండింపవలెను. సభ్యులనగా రాజసభయందు తగవు తీర్చుటకు కూర్చుండినవారు. ఒక్కొక్కరిని విడివిడిగా దండింపవలెనని కూడ ఋషి చెప్పెను. అందరము కలిసి చెప్పితిమి గనుక అందరము పంచుకొందుమనుటకు వీలు లేదు. ఇంతవరకు మూలము. విజ్ఞానేశ్వరుడు ఇచ్చట ఒక చిన్న వాక్యము చేర్చెను: రాగలోభభయములను పేరుపెట్టి చెప్పుట నియమము కొరకే, అజ్ఞానముచేతను మోహముచేతను జరిగినదానికి ఈ రెట్టింపు దండన వర్తింపదు.

ఆ చిన్న వాక్యములో మన ప్రశ్నకు సగము సమాధానము ఇమిడియున్నది. బుద్ధి తప్పుట వేరు, మనస్సు తప్పుట వేరు. బుద్ధి తప్పి చెప్పిన తీర్పునకు మందు పునర్విచారణము. చెడుగ చూడబడిన వ్యవహారమును రాజు మరల చూడవలెనని అదే స్మృతి విధించినది. మన కాలపు అప్పీలు ఆ మార్గమునకు దగ్గర చుట్టము. మనస్సు తప్పి చెప్పినదానికి మాత్రమే ఆ కఠినదండనము. మర్రిచెట్టును నిలుపుమన్న న్యాయాధిపతి గాని, కూల్చుటకు అనుమతించిన న్యాయాధిపతి గాని రేపు జరుగబోవు ప్రమాదమును, రేపు కాయబోవు ఎండను ముందుగ చూడజాలడు. ఊహకందని ఫలితమునకు అతనిని దండింప మొదలిడినచో, తరువాత ఆ పీఠమున కూర్చుండువాడు ధర్మమును వెదకడు. ఏ పక్షమున కేకలు తక్కువయో ఆ పక్షమునకు విరుద్ధముగా వ్రాసి ఇంటికి పోవును.

అట్లని ఫలితము మన చేతిలో లేదని న్యాయాధిపతి నిశ్చింతగా నుండవచ్చునా? కౌటిల్యుడు అంత సులభముగా విడిచిపెట్టలేదు. అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున, ధర్మస్థులను, అనగా న్యాయాధిపతులను, ఏ యే ప్రవర్తనములకు దండింపవలెనో వరుసగా చెప్పబడినది. వాదిప్రతివాదులను బెదరించుట, గద్దించి వెళ్ళగొట్టుట, నోరు మూయించుట. అడుగవలసినదానిని అడుగకుండుట, అడుగరానిదానిని అడుగుట. కాలహరణము చేసి, అలసిపోయినవాడు తానే వెడలిపోవునట్లు చేయుట. ఈ కడపటిదానిని పాఠకులు మరల ఒకసారి చదువుదురు గాక. తీర్పు తప్పుగా చెప్పుటయే కాదు, చెప్పక జాగు చేయుటయు కౌటిల్యుని దృష్టిలో దండనీయమే. కావున మర్రిచెట్ల వివాదము వంటిదానిలో న్యాయాధిపతిని అడుగదగిన ప్రశ్న తీర్పు ఎవరి పక్షమున చెప్పితివని కాదు. బాటమీద నిత్యము ప్రయాణించువారి మాట వింటివా, నిపుణులను అడుగవలసినది అడిగితివా, అడిగిన పిమ్మట ఎన్ని వాయిదాలు వేసితివి? ఈ ప్రశ్నలు అడిగినందువలన ఏ న్యాయాధిపతి స్వాతంత్ర్యమునకును లోపము రాదు.

స్మృతి చెప్పిన మూటిలో నన్ను ఎక్కువగ ఆలోచింపజేసినది భయము. లోభియైన న్యాయాధిపతిని దండింపవలెననుట ఎవరికైనను తోచును. భయపడినవానిపై మనకు జాలి కలుగును గాని దండింపవలెనని తోచదు. ఋషి మాత్రము భయమును లంచముతోడ ఒకే వరుసలో నిలిపెను. రాజు కన్నెఱ్ఱ చేసినాడని తీర్పు మార్చినవాడును, రూకలు పుచ్చుకొని మార్చినవాడును ఒక్క శిక్షకు పాత్రులే. ఇందువలన ఒక విషయము తేటపడుచున్నది. న్యాయాధిపతి స్వాతంత్ర్యము, జవాబుదారీ అనునవి తక్కెడలోని రెండు పళ్ళెములనియు, ఒకటి పైకి లేచిన రెండవది దిగుననియు మనవారు తలంచుచున్నారు. స్మృతి దృష్టిలో అట్లు కాదు. నిర్భయముగా నుండుట న్యాయాధిపతికి ప్రసాదింపబడిన భోగము కాదు, అతడు లెక్క చెప్పవలసిన బాధ్యతలలో అదియు నొకటి. ఆ నిర్భయత్వము అతని సొత్తు కాదు, అతని యెదుట చేతులు కట్టుకొని నిలిచిన బీదవాని సొత్తు. దానిని అమ్ముకొనినను, భయపడి విడిచిపెట్టినను ఆ బీదవాని సొమ్మే పోవును.

మన రాష్ట్రమున ఈ భయమును గూర్చిన ఉదాహరణము ఒకటి గలదు. 1976లో, అత్యవసర పరిస్థితి కాలమున, కేంద్రప్రభుత్వము 16 మంది హైకోర్టు న్యాయమూర్తులను వారి యిష్టము అడుగకయే ఇతర రాష్ట్రములకు బదిలీ చేసెను. గుజరాతు హైకోర్టు న్యాయమూర్తి సంకల్‌చంద్ షేఠ్‌గారు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు పంపబడిరి. మన హైకోర్టులోని ఓ. చిన్నపరెడ్డిగారు పంజాబు హర్యానా హైకోర్టునకు పోవలసివచ్చెను. షేఠ్‌గారు ఆజ్ఞను పాటించి హైదరాబాదు వచ్చి పీఠము నధిష్ఠించిరి. ఆ ఆజ్ఞ చెల్లదని వ్యాజ్యెమును వేసిరి. ఆజ్ఞను పాటించుచునే ప్రశ్నించుట! 1977లో సుప్రీంకోర్టు, బదిలీని శిక్షగా వాడుకొనరాదనియు, ప్రజాహితము కొరకే చేయవలెననియు, ప్రధాన న్యాయమూర్తితో జరుపు సంప్రదింపు పేరునకు గాక నిజముగ జరుగవలెననియు చెప్పెను. అప్పటికి ప్రభుత్వము మారియుండెను. క్రొత్త ప్రభుత్వము ఆయనను మరల గుజరాతునకు పంపుట కంగీకరించెను.

ఆ కాలపు చేదు అనుభవము వలననే 1993 నుండి న్యాయమూర్తుల నియామకము న్యాయమూర్తుల చేతిలోనికి వచ్చెను. దానిని మార్చుటకు 2014లో పార్లమెంటు 99వ రాజ్యాంగ సవరణను చేసెను. 2015 అక్టోబరు 16వ తేదీన అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు అది చెల్లదనిరి. విభేదించిన అయిదవవారు కృష్ణా జిల్లా పెదముత్తేవికి చెందిన జాస్తి చలమేశ్వర్‌గారు. నియామక సంఘమున ఏమి జరుగునో బయటివారికి తెలియకపోవుటను ఆయన తప్పుపట్టిరి. మరుసటి సంవత్సరము, సభ్యుల అభిప్రాయములు వ్రాతలో నుంచని సమావేశములకు తాను రానని నిలిచిరి. 2017 అక్టోబరునుండి ఆ సంఘపు తీర్మానములను ప్రకటించుట ఆరంభమైనది. రాజువలన భయము కొంత తగ్గినదనుకొందము. మరి రాగమును లోభమును కనిపెట్టువారెవరు?

రాగము మాట వచ్చినపుడు వైష్ణవులమైన మనకు ప్రహ్లాదుడు గుర్తురాక మానడు. స్తంభమున స్వామిని చూపిన బాలుని మనము నిత్యము తలంచుకొందుము గాని, అతడు పెద్దవాడై న్యాయాసనమున కూర్చుండిన కథను తలంచువారు తక్కువ. మహాభారతమున విదురుడు జూదపు సభలో ఈ కథ చెప్పెను. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడును, అంగిరసుని కుమారుడు సుధన్వుడును కేశిని యను కన్యకొరకు వాదులాడి, తమలో నెవ్వడు శ్రేష్ఠుడో తేల్చుటకు ప్రాణములు పందెము వేసికొని ప్రహ్లాదుని కడకు వచ్చిరి. ఒకడు తన కడుపున పుట్టినవాడు. తప్పు చెప్పినను, చెప్పక మిన్నకున్నను తల నూరు వ్రక్కలగునని సుధన్వుడు హెచ్చరించెను. ప్రహ్లాదుడు రావియాకు వలె వణకుచు కశ్యపుని కడకు పోయి ధర్మమడిగెను. నిందింపదగినవానిని నిందింపని సభలో పాపమున సగము సభాపతికి, పాతిక చేసినవానికి, పాతిక పలుకక కూర్చున్న సభ్యులకు చెందునని కశ్యపుడు చెప్పెను. ప్రహ్లాదుడు తిరిగివచ్చి, సుధన్వుడే నీకంటె శ్రేష్ఠుడు, నీ ప్రాణము ఇక వానిదని కొడుకుతో పలికెను. పుత్రస్నేహమును విడిచి ధర్మమున నిలిచినందుకు మెచ్చి సుధన్వుడు విరోచనుని ప్రాణములతో విడిచెను.

ప్రహ్లాదుడు వణకలేదని కథకుడు వ్రాసియుండవచ్చును. వ్రాయలేదు. ఆయన భయపడెను, కాని ధర్మమునకు భయపడెను. సుధన్వునకు గాని, కొడుకు పోవునను శోకమునకు గాని లోబడలేదు. నేటి విధి వేరు. 1997లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమకు తామే ఏర్పరచుకొన్న నియమావళి ప్రకారము, బంధువులు గాని దగ్గరి స్నేహితులు గాని సంబంధించిన వ్యాజ్యెమున న్యాయమూర్తి కూర్చుండరాదు. ప్రహ్లాదుడైనను నేడు ఆ పీఠమునుండి లేచిపోవలసినదే. అది మంచిదే, అందరును ప్రహ్లాదులు కారు గదా.

లోభము విషయమున మన వ్యవస్థ రెండు ముఖములు గలది. క్రింది న్యాయస్థానపు అధికారి తప్పు చేసెనని తోచినచో హైకోర్టు వెంటనే కదలును. 2012లో హైదరాబాదునందలి సి.బి.ఐ. ప్రత్యేక న్యాయస్థానపు అధికారి నొకరిని, గనుల కేసులో బెయిలు ఇచ్చుటకు సొమ్ము పుచ్చుకొనినారను ఆరోపణపై హైకోర్టు సస్పెండు చేసెను. పై న్యాయస్థానముల సంగతి వేరు. వారిని తొలగింప పార్లమెంటు ఉభయసభలలో మూడింట రెండువంతుల మెజారిటీ కావలెను. 1950 నుండి 2024 వరకు ఆ మార్గమున తొలగింపబడినవారు ఒక్కరును లేరు. 1993లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి. రామస్వామిగారిపై తీర్మానము లోకసభకు వచ్చెను. విచారణసంఘము పలు ఆరోపణలు రుజువైనవని చెప్పియుండెను. 196 మంది తీర్మానమునకు అనుకూలముగ వోటు వేసిరి. 205 మంది సభలో నుండియు ఏ వైపునకును వేయలేదు. తీర్మానము వీగిపోయెను. నిర్దోషియని నమ్మినచో ఆ మాట చెప్పి వ్యతిరేకముగ వోటు వేయవలసినది; దోషియని నమ్మినచో అనుకూలముగ వేయవలసినది. కశ్యపుడు పలుకక కూర్చున్నవారికి పంచియిచ్చిన పాతిక గుర్తునకు వచ్చుటలేదా?

ఈ రెంటికి నడుమ, సుప్రీంకోర్టు 1999లో అంతర్గత విచారణ పద్ధతియని ఒకటి ఏర్పరచుకొన్నది. మన తెలుగునాటి వ్యవహారమొకటి ఆ పద్ధతికి పరీక్షగా వచ్చెను. 2020 అక్టోబరు 6వ తేదీన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహనరెడ్డిగారు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎన్.వి. రమణగారిపై ఆరోపణలు చేయుచు ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసిరి. కొలది దినములకే ఆ లేఖ పత్రికల కందజేయబడెను. ఆ ముఖ్యమంత్రిపై నేరారోపణల కేసులు అప్పటికే న్యాయస్థానములలో నున్నవి. రమణగారు తదుపరి ప్రధాన న్యాయమూర్తి కావలసినవారు. లేఖ వెనుక ఏ యుద్దేశముండెనని కొందరు, లేఖలోని మాటలు నిజమా యని కొందరు, తెలుగువారు రెండుగ చీలిరి. 2021 మార్చి 24వ తేదీన ఫిర్యాదు పరిశీలింపబడి కొట్టివేయబడినదని సుప్రీంకోర్టు ప్రకటించెను. అంతర్గత పద్ధతి రహస్యమైనది గనుక వివరములు వెల్లడింప వీలులేదనెను. ఏప్రిలు 24న రమణగారు ప్రధాన న్యాయమూర్తియైరి.

ఆరోపణలు నిజమని నేననుట లేదు. విచారించి కొట్టివేసినవారి మాటను కాదనుటకు నాకు ఆధారము లేదు. నా బాధ వేరు. ఆ రహస్యమువలన ఎవరికి మేలు కలిగెను? నమ్మినవారు నమ్మినట్లే యుండిరి, నమ్మనివారు నమ్మనట్లే యుండిరి. నిర్దోషికి కావలసినది కేవలము విడుదల కాదు, విడుదలకు కారణము. ఆ కారణము దక్కకపోవుట ఫిర్యాదుచేసినవారికంటె న్యాయమూర్తికే ఎక్కువ నష్టము. పేరులను, అమాయకులకు హాని కలిగించు వివరములను దాచవచ్చును. పది పుటలలో, ఈ ఆరోపణ నిలువదు, ఎందుకనగా ఇది, అని చెప్పియుండినచో రాజ్యాంగమునకు ఏమి లోపము వచ్చెడిది?

కిష్కింధాకాండమున శ్రీరామచంద్రుడు ఏమి చేసెను? బాణము తగిలి నేలకొరగిన వాలి, కఠినములైన మాటలతో ప్రశ్నించెను. స్వామి, నేను రాజును, నన్ను అడుగుటకు నీవెవడవు, అనలేదు. మరణించుచున్నవానికి ఓర్పుతో, ఒకదానివెంట ఒకటి కారణములను చెప్పెను. ఆ కారణములు చాలునా చాలవా యని నేటికిని పండితులు వాదించుచునే యున్నారు. వాదింపగలుగుట కారణములు చెప్పబడియుండుట చేతనే గదా! దండించిన చేయి దండింపబడినవానికి సమాధానము చెప్పినది. అంతకంటె ఉన్నతమైన పీఠము ఏ న్యాయస్థానమున గలదు?

ఇంతవరకు పెద్ద పీఠములను గూర్చి చెప్పుకొంటిమి. పల్లెలవారికి నిజముగ ఎదురుపడునది చేవెళ్ళ కోర్టు వంటి చిన్న న్యాయస్థానము. ఈ సీమకు వకీళ్ళును న్యాయమూర్తులును క్రొత్తవారు కారు. ఏ మహనీయుని పేర ఇది రంగారెడ్డి జిల్లా యనబడుచున్నదో ఆ కొండా వెంకట రంగారెడ్డిగారు స్వయముగా వకీలు. ఆ కుటుంబమునకే చెందిన కొండా మాధవరెడ్డిగారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకును, బొంబాయి హైకోర్టునకును ప్రధాన న్యాయమూర్తిగా నుండిరి. చిన్న న్యాయస్థానపు అధికారికి మంత్రివలన భయము తక్కువ, పై న్యాయస్థానము వలన ఎక్కువ. బదిలీ, పదోన్నతి, సస్పెన్షను అన్నియు హైకోర్టు చేతిలోనివే. 2016 జూనులో, రెండు రాష్ట్రముల మధ్య న్యాయాధికారుల పంపకము అన్యాయముగ నున్నదని తెలంగాణ న్యాయాధికారులు ఊరేగింపుగా గవర్నరు కడకు పోయిరి. హైకోర్టు పదునొకండుగురను సస్పెండు చేసెను; సుమారు 200 మంది మూకుమ్మడి సెలవు పెట్టిరి. తరువాత సస్పెన్షనులు తొలగింపబడినవి. న్యాయాధికారులు వీధికెక్కుట నాకు రుచింపలేదు. అయినను, తమ మొర వినిపించుటకు పీఠములపై కూర్చుండువారికే తగిన తావు లేకపోయిన ఆ దినమున, మొర అనునది ఎట్లుండునో వారికి తెలిసియుండును. పైవారు తప్పుపట్టుదురేమో యని వెరచి బెయిలు ఇవ్వదగినవానికి ఇవ్వక పంపు చిన్న న్యాయాధికారి భయమును యాజ్ఞవల్క్యుడు చెప్పిన భయములలో చేర్పవలసినదే. దానిని తొలగింపవలసిన భారము మాత్రము పైనున్నవారిది.

మొయినాబాదు, చేవెళ్ళ భూముల ధరలు ఆకాశమునంటిన పిమ్మట అన్నదమ్ముల తగవులు కోర్టులకెక్కని గ్రామము అరుదు. ఏండ్ల తరబడి వాయిదాలకు తిరిగిన రైతు, కడకు తీర్పు ప్రతిని చేతబట్టుకొని వకీలు గుమ్మమున కూర్చుండును. అది ఇంగ్లీషులో నుండును. గెలిచినవాడు ఆ కాగితమును మడచి సంచిలో పెట్టుకొని పోవును. ఓడినవాడు పోడు. తాను చెప్పిన మాట అందులో వ్రాసియున్నదా, వ్రాసినచో దానిని ఎందుకు కాదనిరి యని వకీలును మరల మరల అడుగును. 2023 జూను నెలలో తెలంగాణ హైకోర్టు ధర్మాసనము ఒక కుటుంబపు ఆస్తి వివాదమున తన తీర్పును తెలుగులో వెలువరించెను. ఆ హైకోర్టులో అట్టి తీర్పు అదియే మొదటిది. ఓడిన పక్షమువారు సయితము దానిని తామే చదువుకొనగలిగియుందురు.